నాలుగో రోజు ఐసు

మా వదిన రోనా చెప్పేది:
పెట్టెని ముందురోజు రాత్రే చల్లబరచాలి.
వేడి పెట్టెలో ఐసు పోస్తే
పెట్టెని దారికి తేవడంలోనే
దాని సగం ఆయుష్షు తీరిపోతుంది.

పచ్చి మాంసం రెండు సంచుల్లో చుట్టి అట్టడుగున.
దాని నీరు దేనిమీదా కారకూడదు.
వెన్న, జున్ను నడిమింట్లో.
బీరుకి మాత్రం వేరే కాపురం.
"ఆకలైనవాళ్లు రోజుకి మూడుసార్లే మూత తీస్తారు,
దాహమైనవాళ్లు గంటకి మూడుసార్లు."

ఈసారి ఆమె లేకుండా సర్దాం.
అంటే, నేను సర్దాను.
మా అన్న మెర్విన్ గరాజులో నిలబడి చూశాడు.
అంతా అయ్యాక లోపలికెళ్లి
డీప్ ఫ్రీజర్ అడుగునుంచి ఒక డబ్బా తెచ్చాడు.
తెల్ల టేపు మీద నీలం సిరా, ఆమె చేతిరాత:
గొర్రె, బార్లీ. ఇద్దరికి. మార్చి.
"ఇదీ ఐసే కదా," అన్నాడు.
మే నెలలో పోయింది ఆమె.
నేనేమీ అనలేదు. అడుగున ఒక మూల చోటు చేశాను.

ఫ్లిండర్స్ కొండలు. ఎండిన వాగు.
ఒడ్డున బోదె చీలిన యూకలిప్టస్ చెట్టు, దాని నీడ.
సెప్టెంబరే గానీ మధ్యాహ్నానికి
ఎర్రరాళ్ల మీద చెయ్యి పెట్టలేం.
నీడ జరిగినప్పుడల్లా పెట్టెని జరిపాడు మా అన్న,
తడి దుప్పటి కప్పి, మళ్లీ తడిపి,
నిద్రపోతున్న పిల్లని మంచం మార్చినట్టు.
గడియారం లేకుండానే చెప్పగలిగేవాళ్లం:
పెట్టె చెట్టుకి పడమరనుంటే టీ కాలేదు,
తూర్పుకొచ్చిందంటే టీ తాగేశాం.

మనవడు ఆర్చీ ఊరికే మూత తీసి చూస్తాడు.
కాకి ఒకటి రొట్టెల సంచి జిప్పు లాగడం నేర్చుకుంది.
వాడికన్నా అదే నయం, తీస్తే ఏదో ఒకటి తిని పోతుంది.

మూడో సాయంత్రం కోడిమాంసం దగ్గర పేచీ.
బల్లమీద మరిచాం, ఎంతసేపో ఎవరికీ గుర్తులేదు.
"వాసన బాగానే ఉందే," అన్నాడు.
ముక్కు సాక్ష్యం చెల్లదు మెర్విన్,
అని రోనా అనేది. ఆ రాత్రి ఎవరూ అనలేదు.
ఆయనే లేచి, రెండు సంచుల్లో మూట కట్టి
కారు వెనక చెత్త డబ్బాలో వేసి
చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

నాలుగో తెల్లవారు.
మూత తీస్తే ఐసు లేదు, నీళ్లు.
టేపు ఊడి పైన తేలుతోంది,
'ఇద్దరికి' అన్నచోట సిరా చెదిరి మేఘమైంది.
డబ్బా నొక్కి చూశాడు. అంచులు మెత్తన,
నడుమ ఇంకా గుప్పెడు గట్టిదనం.

"హాకర్ వెళ్లి ఐసు తెస్తా," అన్నాడు.
"మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఇంటికెళ్లాక మళ్లీ ఫ్రీజర్లో..."
మాట అక్కడే ఆపేశాడు.
కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకు.
నలభయ్యొక్కేళ్లు విన్నాడు ఆ మాట, ఒకే వంటింట్లో.

థర్మామీటరు తీసి కళ్లద్దాలు పైకి నెట్టాడు.
"నాలుగు. ఇంకా నాలుగే ఉంది."
ఆ అంకెని కాసేపు చేతిలో పట్టుకున్నాడు.
"పొద్దున్నే గొర్రె కూర తింటే తప్పా?"

స్టవ్ వెలిగించాను. గరిటె ఆయనే తీసుకున్నాడు.
అడుగునుంచి పైదాకా బుడగలొచ్చేవరకు,
ఆ తర్వాత ఇంకొంచెంసేపు,
అవసరానికి మించి తిప్పాడు.
ఇద్దరికని రాసింది ముగ్గురికి సరిపోయింది.
ఆర్చీ గిన్నె నాకాడు. ఎవరూ కసరలేదు.
ఆఖరి చెంచా దగ్గర మా అన్న
"ఉప్పు తక్కువేసింది," అన్నాడు,
"ఎప్పుడూ ఇంతే."

తర్వాత పెట్టె వంచి
నీళ్లన్నీ చెట్టు మొదట్లో పోశాడు.
సబ్బుతో మూలమూలా తోమాడు.
మూడు రోజులూ నీడ వెంట నడిపించిన పెట్టెని
నడి వాగులోకి మోసుకెళ్లి
మూత బార్లా తెరిచి
ఎండలో పెట్టి వచ్చాడు.